వెదురుబద్దతో ఆకాశమును కొలిచిన సామంత చంద్రశేఖరుడు

మన గంజాం జిల్లాకు ఉత్తరమున ఆనుకొనియున్న నయాగఢ్ జిల్లాలో ఖండపడా యను చిన్న పట్టణము కలదు. చుట్టును కొండలు, అడవులు. పూర్వమది ఒక చిన్న సంస్థానము. ఆ రాజవంశమునందే 1835 డిసెంబరు 13వ తేదీన చంద్రశేఖర సింహ సామంతుడు జన్మించెను. తండ్రి శ్యామబంధు సింహుడు, తల్లి విష్ణుమాలి. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కకపోవుటచే ఈ శిశువును ఒక ముసల్మాను ఫకీరునకు ఇచ్చినట్లు చేసి మరల తెచ్చుకొనిరనియు, అందుచేతనే పఠాణి యను ముద్దుపేరు కలిగెననియు చెప్పుదురు. మన యిండ్లలోను ఇట్టి పిల్లలకు పెంటయ్య, పుల్లయ్య యని పేర్లు పెట్టుట కలదు గదా!

పఠాణి సామంతుని పేరు ఎరుగని ఒడియా విద్యార్థి అరుదు. మన తెలుగు పిల్లలలో ఎరిగినవారు తక్కువయని తోచినందున మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆయన ఇంగ్లీషు చదువు చదువలేదు. మాతృభాషయైన ఒడియాను, దానితోపాటు సంస్కృతమును నేర్చెను. పదేండ్ల ప్రాయమున పినతండ్రి యొకరు నక్షత్రములను గుర్తుపట్టుట నేర్పెను. ఆ రుచి మరి వదలలేదు. సూర్యసిద్ధాంతమును, భాస్కరాచార్యుని సిద్ధాంతశిరోమణిని వ్యాఖ్యల సాయముతో తానే చదువుకొని గ్రహముల స్థానములను గణింపసాగెను. సుమారు పదునైదేండ్ల వయసున ఆయనకొక చిక్కు ఎదురయ్యెను. గణితము చూపిన చోట గ్రహము కనబడలేదు.

దినమునకు ఒక్క క్షణము వెనుకబడు గడియారము ఒక నెలలో ఎవరికిని తెలియదు. ఏండ్లు గడచినచో గంట తప్పును. ప్రాచీనుల లెక్కలలోని స్వల్పదోషములు అట్లే శతాబ్దముల తరబడి పేరుకొనినవి. పుస్తకమునే నమ్మి ఊరకుండుట సులభము. పుస్తకమును అవతల పారవేయుట మరింత సులభము. ఆ బాలుడు ఈ రెండును చేయలేదు. తానే కొలిచి చూడ నిశ్చయించెను.

కొలుచుటకు ఆయనవద్ద దూరదర్శిని లేదు. రాజవంశమువాడే గాని ధనవంతుడు కాడు. కావున వెదురుతోను కర్రతోను తన పరికరములను తానే చేసికొనెను. వానిలో మానయంత్రమనునది మిక్కిలి సరళమైనది. ఇరువదినాలుగు అంగుళముల ప్రమాణముగల సన్నని బద్ద; దాని కొనకు అడ్డముగా, సమకోణమున, మరియొక బద్ద. అడ్డుబద్దమీద లెక్కప్రకారము గంట్లును బెజ్జములును ఉండును. పొడవుబద్ద యొక్క రెండవ కొనవద్ద కన్ను ఉంచి, ఏ బెజ్జములో ఏ నక్షత్రము కనబడుచున్నదో చూచినచో రెండు నక్షత్రముల నడుమనున్న కోణము తెలియును. అంతియే యంత్రము!

ఇరువదిమూడవ యేట మొదలుపెట్టి తన పరిశీలనములను క్రమముగా వ్రాసియుంచెను. నిద్రలేమియు అజీర్తియు పీడించుచున్నను రాత్రిచూపు మానలేదు. 1869లో సిద్ధాంతదర్పణమను సంస్కృత గ్రంథము పూర్తియయ్యెను. శ్లోకములు సుమారు 2500. అందు 2284 ఆయన స్వంతము. చంద్రుడు నక్షత్రమండలమును ఒకమారు చుట్టివచ్చుటకు 27.32167 దినములని ఆయన గణించెను. ఆధునికుల లెక్క 27.32166. శుక్రునకు ఆయన చెప్పినది 224.7023 దినములు, నేటి లెక్క 224.7007. భేదము రెండు నిమిషములకు కొంచెము పైన. చంద్రగతియందలి మూడు వైషమ్యములను గూడ స్వయముగా కనుగొని, వానికి తుంగాంతరము, పాక్షికము, దిగంశము అని పేర్లు పెట్టెను. ఐరోపావారికి అవి ముందే తెలియును. ఖండపడాకు ఆ వార్త చేరలేదు.

ఆయనయందు పొరపాటు లేదని మేము చెప్పము. గ్రహములన్నియు సూర్యుని చుట్టును తిరుగునని గ్రహించియు, సూర్యుడు మాత్రము స్థిరమైన భూమి చుట్టును తిరుగునని కడవరకు నమ్మెను. డెన్మార్కు ఖగోళజ్ఞుడు టైకో బ్రాహీ మతమును ఇదియే. ఆ మహనీయునికిని దూరదర్శిని లేదు.

మాకు బాధ కలిగించు సంగతి మరియొకటి. అంతటి గ్రంథము ఒడియా లిపిలో తాటియాకులమీద ముప్పది యేండ్లు అట్లే యుండెను. కటకము రావెన్షా కళాశాలలో ఆచార్యుడైన జోగేశచంద్ర రాయ్ అను వంగీయుడు దాని విలువ నెరిగి, ఇంగ్లీషున విపులమైన పీఠిక వ్రాసి, 1899లో కలకత్తాయందు నాగరలిపిలో అచ్చువేయించెను. ఒక భాషవాని శ్రమను మరియొక భాషవాడు లోకమునకు చూపెను. ప్రభుత్వము 1893లోనే ఆయనకు మహామహోపాధ్యాయ బిరుదమిచ్చెను. పూరీ జగన్నాథాలయపు కైంకర్యములకు ఆయన గణితము ప్రమాణమయ్యెను. 1904 జూన్ 11వ తేదీన పూరీలోనే ఆయన కన్నుమూసెను. నేడు భువనేశ్వరమునందలి నక్షత్రశాల ఆయన పేరిట నున్నది.

రాత్రి తాను చూచినదానిని తనవంటి మరియొకనితో సరిచూచుకొను భాగ్యము ఆయనకు దాదాపు లేకపోయెను. మన పిల్లలకు ఆ లోటు ఉండనక్కరలేదు. నలుగురైదుగురు కూడినచో ఒక నక్షత్రమండలి యగును. తల్లిదండ్రులు వారమునకొక రాత్రి గంటసేపు మిద్దెమీదికి పోనిచ్చిన చాలును. 60 సెంటీమీటర్ల బద్ద తీసికొనుడు. అడ్డుబద్దపై నడుమనుండి 5 డిగ్రీలకు ఐదుంబావు సెంటీమీటర్లవద్దను, 10 డిగ్రీలకు పదిన్నర దాటిన పిమ్మటను గుర్తు పెట్టుడు. నడుమనున్న చిన్న భాగములను మీ గణితోపాధ్యాయుని అడిగి గుర్తించుకొనుడు. చైత్రవైశాఖములలో చీకటిపడిన తరువాత ఉత్తరమున సప్తర్షిమండలము బాగుగ కనబడును. అందు ధ్రువుని చూపు క్రతువు, పులహుడు అను రెండు నక్షత్రముల నడుమ ఎన్ని డిగ్రీలున్నవో కొలిచి, ఒకరికొకరు చూపకుండ, తేదీతో సహా తెలుగులో వ్రాసికొనుడు. ఎంతయో మేము చెప్పము. ఇద్దరి లెక్కలు కలియనిచో మూడవవాడు చూడవలెను.