ఎలియాస్ లొన్రోట్

ఎలియాస్ లొన్రోట్ (ఏప్రిల్ 9, 1802 - మార్చి 19, 1884) ఫిన్లాండుకు చెందిన వైద్యుడు, భాషావేత్త, జానపద గేయ సేకర్త. ఫిన్నిష్ భాషలో మౌఖికంగా నిలిచిన గేయాలను సేకరించి, వాటితో కలేవల అనే ఇతిహాస కావ్యాన్ని కూర్చినవానిగా ప్రసిద్ధుడు.

బాల్యం, విద్య

లొన్రోట్ దక్షిణ ఫిన్లాండులోని సమ్మత్తి గ్రామంలో ఒక పేద దర్జీ కుటుంబంలో జన్మించాడు. డబ్బు లేక చదువు ఆగిపోగా కొంతకాలం ఔషధశాలలో పనిచేశాడు. 1822లో తుర్కు విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ కాలంలో ఫిన్లాండు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్నప్పటికీ, పాలనకు, విద్యకు స్వీడిష్ భాషనే వాడేవారు. 1827లో గేయాలలోని వైనమొయినెన్ అనే పాత్రపై సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. అదే సంవత్సరం తుర్కు నగరం అగ్నికి ఆహుతి కాగా, విశ్వవిద్యాలయం హెల్సింకికి తరలింది. అక్కడే 1832లో వైద్య పట్టా పొందాడు.

గేయ సేకరణ

1833 నుండి కయాని పట్టణంలో జిల్లా వైద్యునిగా పనిచేశాడు. కరువు, అంటురోగాలు ఉన్న ఆ ప్రాంతంలో వైద్యం చేస్తూనే సేకరణ సాగించాడు. 1828 - 1844 మధ్య పదకొండు యాత్రలు చేసి, సరిహద్దు ఆవల రష్యాకు చెందిన కరేలియా గ్రామాలకు కూడా వెళ్ళాడు. 1834లో లత్వయార్వి గ్రామంలో అర్హిప్ప పెర్తునెన్ అనే వృద్ధ గాయకుని నుండి 4,000కు పైగా పాదాలను వ్రాసుకున్నాడు.

కలేవల

గాయకులలో ఎవరూ మొత్తం కథను పాడలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఘట్టాన్ని పాడేవారు. ఒకే ఘట్టానికి పాఠాంతరాలు అనేకం. లొన్రోట్ వాటిని ఎంచి, వరుసగా పేర్చి, సంధి స్థానాలలో కొన్ని పాదాలను స్వయంగా చేర్చాడు. 1835 నాటి మొదటి కూర్పులో 32 గేయాలు, 12,078 పాదాలు ఉన్నాయి. 1849 నాటి కూర్పు 50 గేయాలకు, 22,795 పాదాలకు పెరిగింది. 1840-41లో కంతెలెతార్ అనే గీత సంకలనాన్ని వెలువరించాడు.

కలేవల ప్రజల గేయమా, లొన్రోట్ రచనా అన్న చర్చ తరువాతి పండితులలో సాగింది. ఈయన వ్రాతప్రతులు ఫిన్నిష్ సాహిత్య సంఘంలో భద్రంగా ఉండటం వలన, గాయకులు పాడినదేది, కూర్పులో మారినదేది అని పోల్చి చూడటం సాధ్యమైంది. మూల పాఠాలను 1908 నుండి అనేక సంపుటాలుగా ప్రచురించారు. వాటి సంపాదకులలో ఒకడైన ఎ.ఆర్. నియెమి లిథువేనియా జానపద గేయాలను కూడా సేకరించాడు.

చివరి సంవత్సరాలు

1853 నుండి 1862 వరకు హెల్సింకిలో ఫిన్నిష్ భాషాచార్యునిగా ఉన్నాడు. 1866 - 1880 మధ్య ఈయన ఫిన్నిష్ - స్వీడిష్ నిఘంటువు వెలువడింది. 1884లో సమ్మత్తిలోనే మరణించాడు. మొదటి కూర్పు పీఠికపై ఈయన వేసిన తేదీ అయిన ఫిబ్రవరి 28ని ఫిన్లాండులో కలేవల దినంగా జరుపుకుంటారు.