వీరగృహస్థుడు కొమురం భీము

ఒక జాతియొక్క గౌరవము ధనముచేతను, జనసంఖ్యచేతను గాక, అది స్మరించు పూర్వుల శీలముచేతనే తెలియుచుండును. మన గోండు జాతియందు చాందా రాజ్యమేలిన ప్రభువులుండిరి. అయినను నేడు మన బిడ్డలు తొలుత నేర్చుకొను పేరు రాజుది గాదు; ఆసిఫాబాదు అడవులలో చేను దున్నుకొని బ్రతికిన యొక గృహస్థునిది.

భీము సంకెపల్లి గూడెమున జన్మించెను. తండ్రి పేరు చిన్ను. ఆ కాలమున నైజాము ప్రభుత్వము అడవులను రిజర్వు చేయుచు, తరతరములుగా పోడు చేసికొని జొన్న పండించుకొను మనవారిని ఆక్రమణదారులని యెంచెను. చెట్టు కొట్టిన జుర్మానా, పశువు మేసిన పన్ను. పట్టా యననేమో యెరుగని మనవారి భూములు కాగితము నెరిగిన యితరుల పేర నెక్కెను.

తండ్రి గతించిన పిమ్మట కుటుంబము సుర్దాపురమునకు తరలెను. అచ్చట తాము చదును చేసిన చేనిని సిద్దిఖను నాతడు తనదని వచ్చినప్పుడు కలహము పుట్టి, అతడు భీముచేతిలో మరణించెను. ఆ దుడుకుతనమును కీర్తిగా చెప్పబనిలేదు. దాని ఫలము దీర్ఘప్రవాసము. చాందాలోను, పిదప అస్సాము తేయాకు తోటలలోను పనిచేసి, చదువను వ్రాయను నేర్చి, యేండ్లకు తిరిగి వచ్చెనని పెద్దలు చెప్పుదురు. పోవునప్పుడు చేత గొడ్డలియుండెను, వచ్చునప్పుడు అక్షరముండెను.

కాకనఘాటున లచ్చుపటేలు నొద్ద కుదిరి, సోంబాయిని పెండ్లాడి, సంసారియయ్యెను. తనకొక యిల్లు, ఇల్లాలు, పంట చేను కలిగినపుడు పలువురు నెమ్మదిగా నుండగోరుదురు. భీమట్లు తలపలేదు. తన యింటి పొయ్యి వెలుగవలెనన్న పొరుగింటి చేనును నిలువవలెనని యతడెరుగును. బాబేఝరి, జోడేఘాటు మొదలగు పండ్రెండు గూడెముల వారిని కూడగట్టెను. నీరును, అడవియు, నేలయు తమవే యను మాట అతని పేరనే నేటికిని నిలిచియున్నది.

అతడు జీతముగొను సిపాయి గాడు; కవాతు నేర్చినవాడు గాడు. అధికారులతో మాటలాడి చూచెను. న్యాయము దొరకకపోగా ఆయుధము పట్టెను. అతని సేన రైతులే; వారి బలము కొలది బర్మారు తుపాకులును, విల్లంబులును, గుట్టల మరుగును. 1940లో పోలీసులు జోడేఘాటును చుట్టుముట్టి కాల్పులు జరుపగా భీమును, అతని సహచరులు పలువురును నేలకొరగిరి. ఆనాడు సోంబాయి యొక్కతెయే గాదు, ఎందరో యిల్లాండ్రు దిక్కులేనివారైరి.

ఆ నెత్తురు వృథా పోలేదు. కలత కారణమరయ ప్రభుత్వము హైమెన్‌డార్ఫు పండితుని నియోగించెను. ఆయన మార్లవాయిలో నివసించి, మనవారి భాష నేర్చి, నిజము వ్రాసెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణశాల వెలసెను. 1946లో గిరిజన ప్రాంతముల చట్టము వచ్చెను. పిమ్మట వేలకొలది కుటుంబములకు లక్ష యెకరములకు మించి పట్టాలు లభించెను. 2016 అక్టోబరు 11న ఈ జిల్లాయే అతని పేర నేర్పడెను.

ప్రతి సంవత్సరము ఆశ్వయుజ పూర్ణిమనాడు మనవారు జోడేఘాటున కూడి యతనికి నివాళులర్పింతురు. కాని దండలతో ఋణము తీరదు. పట్టా గల సోదరులు దానిని భద్రపరచి చదివించుకొనుడు. ఆడుబిడ్డలను మగబిడ్డలతో సమముగా బడికి పంపుడు. ముదుసలుల నోటనున్న ఆనాటి ముచ్చటలను, వారితో మాయమగుటకు పూర్వమే, వ్రాయించియుంచుడు. పోషకమహాశయులు నొక్కొక్క బాలుని చదువునకు తోడైనచో, ప్రవాసమున భీము కష్టపడి గడించిన యక్షరము ప్రతి గూడెమునను ఇంటనే లభించును. అదియే ఆ వీరగృహస్థునకు తగిన స్మారకము.