పావులూరి మల్లన

గుంతకల్లు జంక్షనులో నిలిచి చూచినచో నలుదిక్కులకును రైలుమార్గములు కనిపించును. ఉత్తరమునకు పోవు మార్గము రాయచూరు మీదుగా వాడి చేరును. అటనుండి తూర్పునకు తిరిగినచో మల్ఖేడు వచ్చును. రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటమే నేటి మల్ఖేడు. గుంతకల్లునుండి తూర్పుగా నంద్యాల, గుంటూరుల మీదుగా పోయినచో పూర్వపు కమ్మనాడు చేరవచ్చును. మాన్యఖేటమున ఒక గణితగ్రంథము సంస్కృతమున పుట్టినది. కమ్మనాటి పావులూరివాడొకడు దానిని తెలుగుపద్యములుగా చేసినాడు. అనంతపురము మెట్టసీమ ఈ రెంటికిని నడుమ నున్నది.

మూలగ్రంథకర్త మహావీరాచార్యుడు. 814 మొదలు 878 వరకు రాజ్యమేలిన అమోఘవర్ష నృపతుంగుని కాలమువాడు, జైనుడు. ఆయన రచన గణితసారసంగ్రహము. తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. మల్లన గ్రంథము సారసంగ్రహ గణితమనియు, జనవ్యవహారమున పావులూరి గణితమనియు ప్రసిద్ధి చెందినది. తెలుగున శాస్త్రగ్రంథములకు ఇదియే ఆది యని చెప్పుదురు.

మల్లన జీవితమును గూర్చి దొరకు వివరములు కొలదివి. తండ్రి శివన్న, తల్లి గౌరమ్మ. ఊరు నేటి బాపట్ల జిల్లాలోని పావులూరు. ఆ వంశమున తాతకును మల్లన యనియే పేరు. రాజరాజనరేంద్రుడు పిఠాపుర ప్రాంతమున నవఖండవాడ యను గ్రామమును ఆ వంశమునకు దానమిచ్చెను. గ్రంథకర్త తాతయా, మనుమడా యన్న విషయమున సాహిత్యచరిత్రకారులు ఏకాభిప్రాయమునకు రాలేదు. తాతయైనచో ఆయన నన్నయకు సమకాలికుడై 11వ శతాబ్దివాడగును. మనుమడైనచో 12వ శతాబ్ది ఆరంభమునకు జరుగును. ఎవరైనను, భారతము తెనుగగుచున్న ఆ తొలినాళ్లలోనే లెక్కయు తెనుగుపద్యమున కెక్కినదనుట నిశ్చయము.

మల్లన చేసినది మాటకు మాట పెట్టిన అనువాదము కాదు. ఆయన శైవుడు. మూలములోని జైనసంబంధమైన ఉదాహరణములను విడిచి, శివభక్తి కనువైన వానిని చేర్చెను. ఇందులోని కష్టము చదువరులకు సాధారణముగా తోచదు. కథలో పాత్ర పేరు మార్చినను కథ నడచును. లెక్కలో ఉదాహరణము మార్చినచో సంఖ్యలు మరల పొసగవలెను, భిన్నములు తెగవలెను, జవాబు సూత్రమునకు సరిపడవలెను. పైగా పద్యమున ఛందస్సు చెడరాదు. కావున క్రొత్త ఉదాహరణము పెట్టునప్పుడెల్ల కవి దానిని తానే చేసి చూచుకొనక తప్పదు. ఉదాహరణము తప్పైనచో బాలుడు సూత్రమును శంకింపడు, తన బుద్ధినే శంకించుకొనును. బడి విడిచిన పిమ్మట ఆ లెక్కయే గ్రామమున ధాన్యపు కొలతయగును. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. గుంతకల్లువంటి వానలేని సీమలో ఒక్క తూము తేడా వచ్చినను ఒక యింట కొన్నాళ్ల గ్రాసము పోవును.

ఉదాహరణమే తన్ను తాను పరీక్షించుకొనునట్లు కూర్చు విద్య మహావీరునియందే కలదు. ఆయన గుణకారమున కిచ్చిన సంఖ్యలు చూడుడు. 152207ను 73చే హెచ్చించినచో 11111111 వచ్చును. 27994681ని 441చే హెచ్చించినచో 12345654321 వచ్చును. జవాబు హారమువలె కుదురును. ఒక్క అంకె తప్పినను హారము తెగును. గురువు దగ్గర లేకున్నను శిష్యునకు తెలియును.

అట్టి మహావీరుడును ఒకచోట పొరబడెను. సంఖ్యను సున్నచే భాగించినచో అది మారదని ఆయన చెప్పినాడు. సున్నచే హెచ్చించినచో సున్న వచ్చుననియు అచటనే చెప్పినాడు. ఆరును సున్నచే భాగింపగా ఆరే వచ్చునందుము. సరిచూచుటకు ఆ ఆరును మరల సున్నచే హెచ్చించినచో ఆరు రావలెను గదా, సున్న వచ్చుచున్నది. ఒక్క ఉదాహరణము వేసి వెనుకకు నడిపి చూచినచో సూత్రము నిలువదని తేలియుండును.

మల్లన పేర మిక్కిలి ప్రసిద్ధమైనది చదరంగపు లెక్క. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు 64 గడులును నింపినచో మొత్తమెంత? 18446744073709551615. ఈ 20 అంకెలను ఒక్క చంపకమాలలో ఇమిడ్చినారు. చంద్రుడు 1, అగ్ని 3, వేదములు 4, శరములు 5, తర్కములు 6, గిరులు 7, ఏనుగులు 8, రంధ్రములు 9, ఆకాశము సున్న. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకొనవలెను.

ఇది ముచ్చటకు చేసిన పని మాత్రమే కాదు. తాటియాకుపై ఉత్త అంకెలు వ్రాసినచో వ్రాయసకానికి ఒకటి జారిపోయినను తెలియదు. చంపకమాలలో పాదమునకు 21 అక్షరములు, రెండవ అక్షరమున ప్రాస, పదునొకండవ అక్షరమున యతి. మాట జారినచో పద్యము కుంటును, వినువానికే పట్టుబడును. అయినను ఛందస్సు అన్నిటిని కాపాడలేదు. పద్యము నడుమ శర యనుచోట శశి యని వ్రాసినచో గణము చెడదు, యతి చెడదు, 5 మాత్రము 1 యగును. అట్టి తప్పును పట్టుటకు లెక్కయే కావలెను.

దానిని తరగతిలో నల్లబల్లపై చేయవచ్చును. 2ను దానిచేతనే హెచ్చించిన 4. 4ను అట్లే చేసిన 16. పిమ్మట 256, 65536, 4294967296. దీనిని మరల దానిచేతనే హెచ్చించి ఒకటి తీసివేసినచో పద్యములోని సంఖ్య వచ్చును. అంత గుణకారమునకు ఓపిక లేనివారికి తొమ్మిదుల పరీక్ష కలదు. పద్యపు అంకెలన్నియు కూడినచో 87; తొమ్మిదిచే భాగింపగా శేషము 6. రెండు ఘాతములను వరుసగా తొమ్మిదిచే భాగించినచో శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకసారి తిరిగి వచ్చును. 64వ ఘాతమునకు 7. ఒకటి తీసివేసిన 6. సరిపోయినది. శర శశియైన ప్రతిలో మొత్తము 83 అగును, శేషము 2, దొంగ దొరకినట్లే. ఐతే రెండంకెలు తారుమారైనచో ఈ పరీక్షకు చిక్కదు. మొత్తము మారదు కావున.

నేడు కంప్యూటరులకు గణితము చేయు ప్రోగ్రాములను వ్రాయువారు, వాని వివరణగ్రంథములలో ఇచ్చిన ప్రతి ఉదాహరణమును యంత్రముచేతనే మరల చేయించి, అచ్చులోని జవాబుతో పోల్చి చూతురు. పైథాన్ భాషలో దీనికి డాక్‌టెస్ట్ అని పేరు. ప్రోగ్రాము మారి ఉదాహరణము మారనిచో ఆ పోలికలో బయటపడును. మల్లన సంఖ్యకును ఈ యంత్రములకును వింతయైన చుట్టరికమొకటి కలదు. 64 ద్విసంఖ్యాస్థానముల గడిలో పట్టు అతి పెద్ద ధనపూర్ణసంఖ్య 18446744073709551615. ఇంకొక గింజ వేసినచో ఆ గడి పొంగి సున్నయగును.

మల్లన అనుసరించిన మూలగ్రంథము చిరకాలము తాళపత్రములలోనే యుండెను. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యుడుగా నుండిన ఎం. రంగాచార్యులు వ్రాతప్రతులను సేకరించి పోల్చి, ఆంగ్లానువాదముతో సిద్ధపరుపగా, మదరాసు ప్రభుత్వము దానిని 1912లో ప్రకటించెను. ఆయన పాఠమును దిద్దుటతో తృప్తిపడలేదు. గ్రంథములోని లెక్కల జవాబులను కూర్చి, చివర అనుబంధముగా చేర్చెను. మహావీరుడు వేసిన ప్రశ్నలకు వేయి సంవత్సరముల పిమ్మట జవాబులు అచ్చులో దొరకినవి. ఏ బాలుడైనను తాను చేసిన దానిని వానితో పోల్చుకొనవచ్చును.