బొంత మీద చరిత్ర కుట్టిన హారియెట్ పవర్స్

గోదావరి జిల్లాల పేటల్లో పెరిగినవాళ్ళకి బొంత గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పాత చీరలు, చిరిగిన లుంగీలు, టైలరు దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలు ఒకదానిమీద ఒకటి పరిచి, దగ్గర దగ్గరగా సూదికుట్లు వేస్తే బొంత అవుతుంది. సంక్రాంతి చలికి కప్పుకునేదీ అదే, చంటిబిడ్డ కింద పరిచేదీ అదే. దాన్ని కుట్టిన అమ్మమ్మ పేరు మాత్రం ఎక్కడా రాసి ఉండదు. గుడ్డ ముక్కలతో బొంతలు కుట్టి, తన పేరుతో సహా చరిత్రలో నిలిచిన నల్లజాతి స్త్రీ ఒకామె ఉంది. ఆమె జీవితం మనం తెలుసుకోవాల్సింది.

హారియెట్ పవర్స్ 1837 అక్టోబర్ 29న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ పట్టణం దగ్గర పుట్టింది. పుట్టుకతోనే బానిస. ఆమె శరీరం, శ్రమ, కనబోయే పిల్లలు కూడా చట్టం లెక్కలో యజమాని ఆస్తి. 1855లో ఆర్మ్‌స్టెడ్ పవర్స్‌ని పెళ్ళి చేసుకుంది. అంతర్యుద్ధం ముగిసి 1865లో బానిసత్వం రద్దయ్యేనాటికి ఆమెకి 28 ఏళ్ళు. ఆ తర్వాత భార్యాభర్తలు కష్టపడి 1880ల నాటికి నాలుగెకరాల భూమి సంపాదించారు. నిన్నటిదాకా తామే ఒకరి ఆస్తిగా ఉన్న మనుషులకి సొంత భూమి అంటే ఏమిటో, కౌలు చేసి, కూలికెళ్ళి బతికే మన డెల్టా దళితులకి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

పత్తి పండించిన చేతులతోనే ఆమె పత్తిగుడ్డ మీద కథలు కుట్టింది. మనుషులు, జంతువులు, సూర్యుడు, నక్షత్రాల ఆకారాల్లో ముక్కలు కత్తిరించి, కింది గుడ్డ మీద అతికి కుట్టేది. పశ్చిమ ఆఫ్రికాలోని దహోమీ రాజ్యంలో, అంటే ఇప్పటి బెనిన్‌లో, ఇలాంటి అతుకుపని ఉండేది. ఆ రెండింటి పోలికను చాలామంది పరిశోధకులు గుర్తించారు. ఓడల్లో కుక్కి తెచ్చిన మనుషుల దగ్గర సామాను లేకపోయినా, చేతి పని తరాలు దాటి వచ్చి ఉండొచ్చు.

1886లో ఏథెన్స్‌లో జరిగిన పత్తి సంతలో ఆమె బైబిల్ బొంతని ప్రదర్శనకి పెట్టింది. అందులో 11 గళ్ళు. ఆదాము హవ్వలు, తమ్ముణ్ణి చంపిన కయీను, యాకోబు కలలోని నిచ్చెన, ముప్పై వెండి నాణేల యూదా, సిలువ అన్నీ ఉన్నాయి. జెన్నీ స్మిత్ అనే తెల్లజాతి చిత్రకళ ఉపాధ్యాయురాలు దాన్ని కొంటానంది. హారియెట్ ఇవ్వనంది. నాలుగైదేళ్ళకి ఇంట్లో డబ్బు ఇబ్బంది ముంచుకొచ్చింది. అప్పుడు శుభ్రమైన సంచిలో చుట్టిన బొంతని ఒళ్ళో పెట్టుకుని ఎద్దుబండి మీద తనే వచ్చింది. పది డాలర్లు అడిగితే స్మిత్ అయిదే ఇవ్వగలనంది. భర్తతో మాట్లాడి వచ్చి హారియెట్ ఒప్పుకుంది. ఒక్కో గడిలోని కథా విడమరిచి చెప్పి మరీ ఇచ్చింది. తర్వాత కూడా తన బొంతని చూసుకోడానికి చాలాసార్లు వచ్చింది. తన దగ్గర మిగిలే గుడ్డ ముక్కలన్నీ ఆమె కోసం దాచి పెడతానని స్మిత్ మాటిచ్చింది.

ఆమెది మరో బొంత కూడా మిగిలింది. దానిలో 15 గళ్ళు. బైబిల్ కథలతో పాటు లోకంలో జరిగినవీ ఉన్నాయి. 1780 మే 19న పట్టపగలే చీకటి కమ్మిన రోజు, 1833 నవంబర్ 13 రాత్రి ఆకాశం నుంచి చుక్కలు రాలిన ఘటన, 1895 ఫిబ్రవరి నాటి గడ్డకట్టే చలి. మొదటి రెండూ ఆమె పుట్టకముందువి. బానిసల నోటిమాటగా విన్న చరిత్ర బొంత మీదికెక్కింది. దేవుడి మాట ఎరగని ధనవంతులకి పడిన శిక్ష ఒక గడి. జార్జియా నుంచి వర్జీనియాకి 500 మైళ్ళు పరిగెత్తిన బెట్స్ అనే పంది ఇంకొక గడిలో ఉంది. ఉత్తరం వైపు పారిపోయిన బానిసల కథే ఆ పందిలో దాగి ఉందని కొందరు పరిశోధకులు చదివారు.

చివరి సంవత్సరాలు కష్టంగానే గడిచాయి. భూమి ముక్కలుగా అమ్ముడైపోయింది, భర్త విడిచి వెళ్ళాడు. 1910 జనవరి 1న ఆమె చనిపోయింది. ఈ రోజు మొదటి బొంత వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో, రెండోది బోస్టన్ లలితకళల మ్యూజియంలో ఉన్నాయి. ఆమె సమాధి రాయి మాత్రం 2005 దాకా ఎవరి కంటా పడలేదు. చదువురాని మనిషనే లోకం చాలాకాలం అనుకుంది. 2009లో వెలుగులోకి వచ్చిన ఆమె ఉత్తరం ఆ మాటని కొట్టేసింది. ఆమెకి చదవడం, రాయడం వచ్చు. నాలుగు బొంతలు కుట్టానని 1896లో తనే రాసుకుంది.

ఇక మన వైపు చూద్దాం. 19వ శతాబ్దంలో నరసాపురం ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు లేసు అల్లిక నేర్పింది ఎక్కువగా మతం మారిన మాల, మాదిగ స్త్రీలకే. 1982లో మరియా మీస్ రాసిన పుస్తకం, ఇంట్లో కూర్చుని చేసే పని అనే పేరుతో ఆ అల్లికకి ఎంత తక్కువ కూలి ఇచ్చారో ప్రపంచానికి చూపింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకి పేరు నిలిచింది. మొదట సూది పట్టిన ఆ స్త్రీల పేర్లు మాత్రం మనకి మిగల్లేదు. బొంతలకి ఆ మాత్రం గుర్తింపు కూడా లేదు.

హారియెట్ గొప్పదనం ఆమె చేతుల్లోనే ఉంది. కానీ ఆ గొప్పదనం మనదాకా రావడానికి ఆమె చెప్పింది రాసి పెట్టినవాళ్ళుండాలి, దాచిన చోటుండాలి, వందేళ్ళ తర్వాత వెతికినవాళ్ళుండాలి. మన పేటల్లో వెతకాల్సింది మనమే. విద్యార్థులు సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక్క బొంతైనా ఎండలో పరిచి ఫోటో తీయండి. ఏ ముక్క ఎవరి చీరదో, ఏ ఏడాది కుట్టారో అడిగి, కుట్టినామె గొంతు ఫోన్‌లో రికార్డు చేయండి. ఆమె పూర్తి పేరు, ఊరు ఒక గుడ్డ ముక్క మీద రాసి ఆ బొంత వెనకే కుట్టి పెట్టండి. బొంత చిరిగిపోకముందే, కుట్టిన మనిషి ఉండగానే ఈ పని జరగాలి.