లూయీ బ్రెయిలీ

ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు తూర్పుగా కూవ్రే అను పల్లె కలదు. అందు సీమోన్ రెనే బ్రెయిలీ అను నతడు గుఱ్ఱములకు జీనులు, కళ్ళెములు కుట్టి జీవించుచుండెను. 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన అతనికి నాల్గవ బిడ్డగా లూయీ జన్మించెను. మూడేండ్ల ప్రాయమున ఆ బాలుడు తండ్రి పనిగదిలో ఆడుకొనుచు, తోలునకు తూట్లు పొడుచు ఆరెను చేతబట్టి, తండ్రివలె తానును తోలును పొడువబోయెను. ఆరె జారి కంట గ్రుచ్చుకొనెను. అట్టి గాయము చీము పట్టకుండ మాన్పు మందులు ఆనాటి వైద్యులకు తెలియవు. చెడుపు రెండవ కంటికిని ప్రాకెను. అయిదేండ్లు నిండునప్పటికి లూయీకి చూపు పూర్తిగ పోయెను.

ఆ దినములలో బీద కుటుంబములందలి అంధులకు బిచ్చమెత్తుటయే జీవనోపాధి. లూయీ తలిదండ్రు లట్లు తలపలేదు. గ్రామ మతాచార్యుడును, బడిపంతులును కనికరించి అతనిని బడిలో చేర్చుకొనిరి. విన్నది విన్నట్లు జ్ఞప్తియం దుంచుకొని అతడు తోటివారిని మించుచుండెను. 1819వ సంవత్సరమున, పదవయేట, పారిసులోని అంధబాలుర రాజకీయ పాఠశాలలో ప్రవేశించెను.

ఆ పాఠశాలను స్థాపించిన వాలెంటిన్ హాయీ మహాశయుడు మందమైన తడి కాగితమును పెద్ద అక్షరములపై అదిమి, అవి ఉబ్బియుండునట్లు గ్రంథములు చేయించెను. అంధులు చదువగలరని లోకమునకు చూపిన పుణ్యాత్ము డతడే. కాని ఆ గ్రంథములు మిక్కిలి బరువైనవి, కొలది మాత్రమే ఉండెడివి. ఒక్కొక్క అక్షరపు వంకరలన్నియు వ్రేలితో తడవి తెలిసికొనవలెను. వాక్యము ముగియులోపల మొదలు మఱచిపోయెడివారు. ఇక ఆ లిపిలో వ్రాయుట అసాధ్యము.

ఇంతలో, 1821వ సంవత్సరమున, ఒకప్పటి సైనికోద్యోగియగు చార్లెస్ బార్బియే తాను కల్పించిన ఉబ్బెత్తు చుక్కల లిపిని పాఠశాలకు తెలిపెను. గీతలకంటె చుక్కలు వ్రేలికి సుబోధములని లూయీ వెంటనే గ్రహించెను. లోపములును గ్రహించెను. ఒక్కొక్క గుర్తునకు 12 చుక్కల వఱకుండుటచే అది వ్రేలికొనకు ఒక్కసారిగ అందదు. పైగా అది ధ్వనులనే తెలుపును గాని వర్ణక్రమమును, విరామచిహ్నములను తెలుపదు. తరగతులు ముగిసిన పిదప, సెలవులలోను, లూయీ ఈ చిక్కునే విడదీయుచుండెను. 1824 నాటికి, పదునైదేండ్ల వయసున, ఆఱు చుక్కల లిపి సిద్ధమయ్యెను. నిలువుగ మూడేసి చొప్పున రెండు వరుసలు. వానిని మార్చి మార్చి కూర్చినచో 63 గుర్తులు ఏర్పడును. అక్షరములు, అంకెలు, సంగీత స్వరములు, అన్నియు అందిమిడును. కొనదేలిన సాధనముతో కాగితపు వెనుకవైపున కుడినుండి ఎడమకు పొడిచి, త్రిప్పి ఎడమనుండి కుడికి చదువవలెను. ఆ సాధనమును తండ్రి ఆరె వంటిదే.

1829లో అతడు తన లిపిని వివరించుచు గ్రంథము ప్రకటించెను. 1837లో పాఠశాలవారు ఆ లిపిలో ఫ్రాన్సు దేశచరిత్రను మూడు సంపుటములుగ అచ్చొత్తిరి. అప్పటికి బ్రెయిలీ అచటనే ఉపాధ్యాయుడు. దేవాలయములో ఆర్గన్ వాయించుటయందును పేరుపడెను.

1840లో క్రొత్త అధికారి వచ్చి ఆ లిపిని నిషేధించెను. చూపుగలవారి లిపికి భిన్నమగు లిపి అంధులను లోకమునకు దూరము చేయునని అతని వాదము. తమ కండ్లకు సులువైనదే శిష్యుల వ్రేళ్ళకును సులువని తలచుట మా ఉపాధ్యాయులలో క్రొత్తగాదు! బాలురు మాత్రము చాటుగ చుక్కలు పొడుచుకొనుచునే యుండిరి. శిక్షింపవచ్చును గాని చదువ నేర్చిన వ్రేళ్ళచే మఱపింపజాలరు గదా! తుదకు 1844లో, నూతన భవన ప్రారంభసభయందు, సహాయాధికారి గాదే ఆ లిపి గొప్పదనమును సభికులకు వివరించెను. విద్యార్థులు దానిని చదివి చూపిరి. నిషేధము తొలగెను.

క్షయవ్యాధిచే చిక్కి బ్రెయిలీ 1852 జనవరి 6వ తేదీన, 43వ పుట్టినదినము గడచిన రెండునాళ్ళకే, కన్నుమూసెను. 1854లో గాని ఆ పాఠశాల అతని లిపిని అధికారముగ అంగీకరింపలేదు. భారతదేశమున 1951లో మన భాషలన్నిటికిని ఉమ్మడిగ భారతీ బ్రెయిలీ ఏర్పడెను. అందు తెలుగు 'క'కును, హిందీ 'క'కును ఒకే గుర్తు.

1952లో, మరణించిన నూఱేండ్లకు, ఫ్రాన్సు ప్రభుత్వము అతని అస్థులను మహాపురుషుల సమాధిమందిరమగు పాంథియోనునకు తరలించెను. కాని గ్రామస్థుల కోరికపై అతని చేతులను మాత్రము కూవ్రేలోనే ఉంచిరి.