104 కిలోమీటర్ల పరీక్ష

పిల్లల పరీక్షల హడావిడిలో ఉన్న మీకు ఈ నెల ఒక తల్లి తనంతట తాను పెట్టుకున్న పరీక్ష గురించి చెబుతాం.

బెర్తా 1849లో జర్మనీలోని ఫోర్ట్స్‌హైమ్‌లో పుట్టారు. కాబోయే భర్త కార్ల్ బెంజ్ వర్క్‌షాపు ఇబ్బందుల్లో పడితే, తనకు కట్నంగా రావలసిన సొమ్మును పెళ్లికి ముందే ఇప్పించుకుని అందులో పెట్టారు. 1886లో కార్ల్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ వచ్చింది. కొనేవాళ్లు మాత్రం రాలేదు. ఆయనేమో దగ్గరి దూరాలు తిప్పి చూసి, మళ్లీ షెడ్డులో పెట్టి మరమ్మతులు చేసుకునేవారు. నాలుగు వీధులు తిప్పితే ఇంజిన్‌లో ఏం లోపముందో మీకు మాత్రం ఎలా తెలుస్తుంది?

1888 ఆగస్టు, బడి సెలవులు. తెల్లవారుజామున భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి బయలుదేరారు బెర్తా. దూరం దాదాపు 104 కిలోమీటర్లు. పెట్రోలు బంకులు లేని కాలం. వీస్లోక్ ఊళ్లో మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రవం కొని ఇంధనంగా పోశారు. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు ఆవిరైపోతుంటే, ఆగిన చోటల్లా నింపుకోవాల్సి వచ్చింది.

ఇక లోపాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పొడవాటి పిన్నుతో శుభ్రం చేశారు. ఇగ్నిషన్ వైరు ఒరుసుకుపోతే, మేజోడు జారకుండా కట్టుకునే పట్టీని విప్పి దానికి చుట్టారు. (ఇంట్లో మిక్సీ వైరుకు మీరు టేపు చుడతారే, అదే పని!) గొలుసు బాగుచేయడానికి కమ్మరి కావాల్సి వచ్చాడు. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించారు. అన్నిటికన్నా పెద్ద లోపం ఎత్తుల దగ్గర తేలింది. ఇంజిన్ బలం చాలక బండి ఎక్కలేదు. దిగి తోయడమే గతి.

చీకటి పడ్డాక పుట్టింటికి చేరి, భర్తకు టెలిగ్రాం ఇచ్చారు. కొద్ది రోజుల తర్వాత అదే బండిలో వెనక్కి వచ్చారు. ఆ ప్రయాణంలో తేలిన లోపాలను బట్టే కార్ల్ ఎత్తులు ఎక్కడానికి మరో గేరు చేర్చారు.

1944లో, 95వ పుట్టినరోజుకు, కార్ల్ చదువుకున్న కార్ల్‌స్రూహె సాంకేతిక విద్యాలయం బెర్తాకు గౌరవ సెనేటర్ హోదా ఇచ్చింది. రెండు రోజులకే ఆమె కన్నుమూశారు. బెర్తా చదువుకునే వయసులో అక్కడ అమ్మాయిలకు సీటు ఇచ్చేవారు కాదు.