హెన్రీ మ్వాసాన్

ప్లాటినము మిక్కిలి విలువైన లోహము. బంగారమువలె అదియు తుప్పు పట్టదు. సాధారణమైన ఆమ్లమేదియు ఒంటరిగా దానిని కరిగింపజాలదు. అట్టి లోహమును సయితము తినివేయు వాయువొకటి కలదు. దాని పేరు ఫ్లోరిన్. ఆ వాయువును మొట్టమొదట వేఱుచేసి లోకమునకు చూపిన మహనీయుడు హెన్రీ మ్వాసాన్.

మ్వాసాన్ 1852వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి రైల్వే కంపెనీలో చిన్న ఉద్యోగి. తల్లి కుట్టుపని చేసి సంసారమునకు తోడ్పడుచుండెను. విశ్వవిద్యాలయ ప్రవేశమునకు వలయు యోగ్యతాపత్రము లేకయే ఆయన 1870లో పాఠశాలను విడిచెను. పిమ్మట ఒక మందుల దుకాణమున పనికి కుదిరెను. అయినను చదువుపై ఆశ వదలక, పట్టుదలతో ఒక్కొక్క పరీక్షయే ముగించి, 1880లో డాక్టరు పట్టమును పొందెను.

ఆ దినములలో ఫ్లోరిన్‌ను వేఱుచేయుట ప్రాణాంతకమైన పనిగా నుండెను. అది ఇతర మూలకములను విడిచి యుండదు. అది కల హైడ్రోఫ్లోరికామ్లము గాజును కరిగించును. చర్మమును, ఊపిరితిత్తులను దహించును. ఈ ప్రయత్నమున ఐర్లండు దేశపు నాక్స్ సోదరులు తీవ్రముగా జబ్బుపడిరి. బెల్జియమున లూయే, ఫ్రాన్సున నిక్లే ప్రాణములనే కోల్పోయిరి. ఇది యెఱిగియు మ్వాసాన్ వెనుదీయలేదు.

ఆయన ప్లాటినముతో వంకర గొట్టమును చేయించి, తేమలేని ఆమ్లమున పొటాసియము లవణమును కలిపి, మిక్కిలి చల్లబఱచి, విద్యుత్తును పంపెను. 1886వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఫ్లోరిన్ వెలువడెను. ఆ వాయువు సోకినంతనే సిలికాన్ భగ్గున మండెను.

ఈ ఫలితమును పరీక్షించుటకు విజ్ఞాన పరిషత్తు ముగ్గురు శాస్త్రజ్ఞులను పంపెను. మ్వాసాన్ వారికొఱకు ఆమ్లమును మఱింత శ్రద్ధతో శుద్ధిచేసెను. కాని వారి యెదుట వాయువు పుట్టలేదు! కృంగిపోక ఆయన కారణమును వెదకెను. శుద్ధిచేయుటలో లవణము పూర్తిగా తొలగిపోవుటచే ఆమ్లమున విద్యుత్తు ప్రవహింపలేదు. లవణమును చేర్చగనే ప్రయోగము ఫలించెను.

ఆయన పరికరములలోని ప్లాటినమును ఫ్లోరిన్ కొంచెము కొంచెముగా తినివేయుచుండెను. ఆ రెంటి కలయికచే ఏర్పడు ప్లాటినము ఫ్లోరైడును గూర్చి మ్వాసాన్ 1889లో వివరించెను. తరువాత రాగిపాత్ర చాలునని కనుగొనెను. రాగిపై ఏర్పడు ఫ్లోరైడు పొర కవచమువలె లోపలి లోహమును కాపాడును.

1895లో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు రామ్సే, క్రొత్తగా కనుగొన్న ఆర్గాన్ వాయువును కొంత మ్వాసాన్‌కు పంపెను. ఫ్లోరిన్ దానితో కలియలేదు. ఆర్గాన్ కుటుంబములోని వాయువులు దేనితోను కలియవని శాస్త్రజ్ఞులు నమ్మసాగిరి.

1906లో మ్వాసాన్‌కు నోబెల్ బహుమానము లభించెను. స్టాక్‌హోమ్ నుండి తిరిగివచ్చిన కొలది దినములకే, 1907వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన, ఆంత్రవ్యాధిచే ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరములు.

ఆయన కథ అంతటితో ముగియలేదు. ఒక ప్లాటినము పరమాణువుతో ఆఱు ఫ్లోరిన్ పరమాణువులు కలిసిన ప్లాటినము హెక్సాఫ్లోరైడును అమెరికా శాస్త్రజ్ఞులు 1957లో తయారుచేసిరి. దాని ఆవిరి ఎఱ్ఱగా నుండును. అది ఆక్సిజన్ నుండియు ఎలక్ట్రానును లాగుకొనగలదు. 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ దానిని ఆర్గాన్ కుటుంబములోని జెనాన్‌తో కలిపెను. వెంటనే పసుపు వన్నె ఘనపదార్థ మేర్పడెను. దేనితోను కలియదనుకొన్న వాయువు కలిసెను!

మ్వాసాన్ పరికరములను పాడుచేసిన ఆ రెండు మూలకముల కలయికయే, ఆయనకు తెఱువబడని ద్వారమును తరువాతి తరమునకు తెఱచెను. ఒకరి శ్రమ వారి కాలమున ఫలింపకున్నను వ్యర్థము కాదనుటకు ఈ చరిత్రయే సాక్ష్యము.